మితంపచుడు – పొదుపరి – పిసినారి : మితవ్యయార్థక పదముల పరిశీలనము

అమరసింహుని నామలింగానుశాసనము తృతీయకాండమున, విశేష్యనిఘ్నవర్గమునందు, లోభికి ఐదు పర్యాయపదములు కూర్పబడినవి. కదర్య, కృపణ, క్షుద్ర, కింపచాన, మితంపచ అనునవి ఆ ఐదు. అమరము వల్లె వేసిన విద్యార్థికి ఇవి ఒక్క ఊపిరిలో వచ్చును. అట్లు వచ్చుటచేతనే వానిలో నొక్కొక్కదాని ప్రత్యేకార్థము మరుగుపడును. పర్యాయపదములనగా సర్వథా సమానార్థకములని భ్రమించుట నిఘంటుపఠనమునందు సహజముగ కలుగు దోషము. ఈ ఐదింటిలో రెండు వంటయింట పుట్టిన పదములు. ఆ రెండింటిలో ఒకటియైన ‘మితంపచ’ వ్యుత్పత్తినిబట్టి చూచినచో నిందను గాని, లోభమును గాని లేశమైనను చెప్పదు. మితముగ వండువాడు అని మాత్రమే దాని యర్థము. మితముగ వండుట దోషమెట్లయ్యెను? ఈ ప్రశ్న పట్టుకొని పోయినచో సంస్కృతాంధ్రములలో మితవ్యయమును, లోభమును తెలుపు పదముల నడుమ గల సరిహద్దు ఎచ్చట నున్నదో తెలియవచ్చును.

మొదట శబ్దసిద్ధిని చూడవలెను. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ద్వితీయపాదమున పరిమాణవాచకము కర్మపదముగ నుండగా పచ్ ధాతువుపై ఖశ్ ప్రత్యయము విధింపబడినది (3.2.33). ప్రస్థమెంతో అంత వండునట్టి పాత్ర ‘ప్రస్థంపచ’ యగుట దీనిచేతనే. తరువాతి సూత్రము (3.2.34) మిత, నఖ శబ్దములకును అదే ప్రత్యయమును విస్తరింపజేసినది. ఖిత్తు పరమగుటచే పూర్వపదమునకు ముమాగమము వచ్చును (6.3.67). అందుచే మితంపచ, నఖంపచ రూపములు సిద్ధించినవి. నఖంపచమునకు కాశికావృత్తి యిచ్చిన ఉదాహరణము గోళ్లు కాలునంత వేడిగానున్న గంజి. మితంపచమునకిచ్చిన ఉదాహరణము ఒక బ్రాహ్మణస్త్రీ. కొలత తెలిసి వండు గృహిణి అనుటకంటె వేరు భావమేదియు ఆ ఉదాహరణమున కనబడదు. వైయాకరణుని దృష్టికి ఆమె వంటయెరిగిన యిల్లాలు. కోశకారుని పంక్తికి వచ్చునప్పటికి అదే పదము క్షుద్రుని ప్రక్కన నిలిచినది.

ఈ పతనమునకు కారణము వ్యాకరణమున దొరకదు, గృహస్థధర్మమున దొరకును. ప్రాచీన గృహస్థుని వంట తన కడుపునకు మాత్రమే ఉద్దేశింపబడినది కాదు. దేవతలకు వైశ్వదేవము, భూతములకు బలి, అతిథికి అన్నము, భృత్యులకు భోజనము, అటుపిమ్మట దంపతుల వంతు. తన కొరకే వండుకొనువాడు పాపమునే భుజించుచున్నాడని మనుస్మృతి తృతీయాధ్యాయమును, భగవద్గీత తృతీయాధ్యాయమును చెప్పుచున్నవి. ఒంటరిగ తినువాడు ఒంటరిగ పాపియగునను భావము ఋగ్వేద దశమమండలము 117వ సూక్తమునందే కలదు. వంటలో లెక్కింపబడని వారి భాగము ముందే చేరియున్నదని భావించు సమాజమున, ఇంటివారిని మాత్రమే లెక్కించి గింజలు కొలిచి పోయుటయనగా రాబోవువానిని ముందుగనే త్రోసిపుచ్చుట యగును. మితంపచుని దోషము తక్కువ వండుట కాదు. వాకిటివానిని లెక్కలో చేర్చకుండుట. కింపచానుడు అతనికి తోడుబోయినవాడు. ‘వీడేమి వండును?’ అను ఆక్షేపముతో ‘కిమ్’ శబ్దము చేరి యేర్పడిన పదమది.

తెలుగువారి నుడికారము ఈ విషయమున సంస్కృతమునకు ఏమాత్రము తీసిపోదు. పిసినారిని గూర్చి లోకము చెప్పు మాటలు రెండు ప్రసిద్ధములు. వాడు పిల్లికి బిచ్చము పెట్టడు. ఎంగిలిచేత్తో కాకిని తోలడు. ఈ రెండింటిలోను ధనప్రసక్తి లేదు. వాడెంత కూడబెట్టెనో, ఎట్టి బట్ట కట్టెనో జనమునకు పట్టలేదు. పట్టినదెల్ల పిల్లి, కాకి. అనగా ఇంటి చుట్టు తిరుగుచు, అడుగుటకు హక్కు లేకున్నను ఆశ గల ప్రాణులు. రెండవ నుడికారమున సూక్ష్మత మరింత. కాకిని తోలుటకు చేయి విదల్చినచో అంటిన మెతుకు రాలును, రాలిన మెతుకును కాకి తినును. కావున వాడు తోలుటయే మానును. భూతబలి భావమునకు ఇంతకంటె సూటియైన వ్యతిరేకచిత్రము ఏ ధర్మశాస్త్రమునను లేదు.

కదర్యశబ్దము దీనిని మరింత స్పష్టముగ, పరిపాలనా పరిభాషగా, నిరూపించును. కుత్సితుడైన అర్యుడు, అనగా చెడ్డ యజమాని, కదర్యుడు. 1909లో మైసూరునందు ఆర్. శామశాస్త్రిగారి ప్రకటనమువలన లోకమునకు అందిన కౌటిలీయార్థశాస్త్రమున, ద్వితీయాధికరణము నవమాధ్యాయమునందు, ధనము విషయమున వర్జనీయులు మూడు తెగలుగా చెప్పబడిరి. పితృపితామహార్జితమును అన్యాయముగ తినివేయువాడు మూలహరుడు. ఏది వచ్చిన దానిని అప్పటికప్పుడు తినివేయువాడు తాదాత్వికుడు. తననును, తన భృత్యులను పీడించి ధనము పోగుచేయువాడు కదర్యుడు. ఇందలి మూడవ నిర్వచనము శబ్దార్థనిర్ణయమునకు మిక్కిలి విలువగలది. కౌటిల్యుడు ఎంత మిగిల్చెనని ప్రశ్నింపలేదు. ఎవరిని పీడించి మిగిల్చెనని ప్రశ్నించెను. స్మృతివ్యాఖ్యాతలు ఉదాహరించు కదర్యలక్షణమును ఇట్టిదే. ఆత్మను, ధర్మకార్యములను, పుత్రకళత్రములను బాధించి లోభముచే అర్థము కూర్చువాడు కదర్యుడని అందలి భావము. రెండు నిర్వచనములను కలిపి చూచినచో పీడింపబడువారి జాబితా యేర్పడును: తాను, ఆలుబిడ్డలు, సేవకులు, దేవపితృకార్యములు. వీరిలో ఎవ్వరును పీడింపబడనప్పుడు మిగిల్చిన ధనము ఎంతయైనను ఆ పురుషునికి కదర్యశబ్దము చెల్లదు.

మనుస్మృతి చతుర్థాధ్యాయమున (224–225) ఒక చిన్న కథవంటి ప్రసంగము కలదు. కదర్యుడైన శ్రోత్రియుని అన్నమును, ఉదారుడైన వడ్డీవ్యాపారి అన్నమును దేవతలు తూచి, రెండును సమానమని తేల్చిరట. ప్రజాపతి వచ్చి, విషమమైన దానిని సమము చేయకుడని వారిని వారించి, శ్రద్ధచే ఉదారుని అన్నమే పవిత్రమైనదనెను. వేదవిదుని అన్నముకంటె వృద్ధిజీవి అన్నమే మేలని ఒక ధర్మశాస్త్రము పలుకుట సామాన్యము కాదు. కదర్యతపై నాటివారికి గల ఏవగింపు ఎట్టిదో దీనివలన ఊహింపనగును. భాగవత ఏకాదశస్కంధము 23వ అధ్యాయమునందలి అవంతీబ్రాహ్మణుడును కదర్యుడే. ధనికుడయ్యు బంధువులను, అతిథులను మాటచేతనైనను ఆదరింపడు. అతని ధనమునకు అచ్చట ‘యక్షవిత్తము’ అను పేరు వాడబడినది. యక్షుడు నిధికి కావలియుండునే గాని అనుభవింపడు. నిధిని భూతము కాచుననెడి తెలుగు నమ్మిక దీనికి దగ్గర. ఆ ధనము పోయిన పిదప అతడు విరక్తుడై భిక్షువగుట తక్కిన కథ.

ఇక కృపణశబ్దము. దీని చరిత్ర తక్కినవానికంటె విచిత్రమైనది. కృపా, కృపణ శబ్దములు ఏకధాతుజములు. కృపణుడనగా మొదట జాలిగొలుపువాడు. తెలుగునాట నేడు కృపణుడు అనిన లోభియే స్ఫురించును గాని దీనుడు స్ఫురింపడు. ఉపనిషత్తునకును, గీతకును ఈ సంకుచితార్థమును పెట్టి చదివినచో సందర్భము చెడును. బృహదారణ్యకమున (3.8.10) యాజ్ఞవల్క్యుడు గార్గితో అక్షరపరబ్రహ్మము నెరుగక ఈ లోకమునుండి వెడలువాడు కృపణుడని పలికెను. శంకరులు అచ్చట కృపణుని వెలకు కొనబడిన దాసునితో పోల్చిరి. గీత ద్వితీయాధ్యాయమున అర్జునుడు తన స్వభావమును కార్పణ్యదోషము క్రమ్మినదని మొరపెట్టుకొనుటయు (2.7), ఫలాపేక్షతో కర్మ చేయువారిని కృష్ణుడు కృపణులనుటయు (2.49) ఈ దైన్యార్థమునందే. అర్జునుని కార్పణ్యమును పిసినారితనముగ ఏ విద్యార్థియైన అనువదించినచో నవ్వు వచ్చును. కాని 49వ శ్లోకమున కృపణశబ్దమును ‘లోభులు’ అని సరిపెట్టుట అంతగా నవ్వు పుట్టింపదు కనుక అచ్చటి పొరపాటు నిలిచిపోవును.

జాలికి పాత్రుడైనవాడు నిందకు పాత్రుడైన లోభిగ ఎట్లు మారెను? అమరసింహుని పంక్తిక్రమమే ఇందుకు కొంత సమాధానము చెప్పును. కదర్యాదుల ననుసరించి వెంటనే వచ్చునవి నిస్స్వ, దుర్విధ, దీన, దరిద్ర, దుర్గత శబ్దములు. ఆ వెనుక వనీయక, యాచనకాదులు. లోభి, దరిద్రుడు, యాచకుడు ఒక వరుసలో నిలువబెట్టబడిరి. చూచువారికి లోభియును దరిద్రుడును ఒక్క తీరుననే ఉందురు. మాసిన బట్ట, చాలని కూడు ఇద్దరికి సమానము. కలిగియుండి లేనివానివలె బ్రతుకువాడు లేనివాని పేరునే పొందెను. క్షుద్రశబ్దమున అల్పుడను అర్థము స్పష్టము కావున దానిని గూర్చి విస్తరింపనక్కరలేదు.

అమరుని పంక్తిలో లేకున్నను తెలుగున మిక్కిలి వ్యాప్తిగల తత్సమములు లోభి, లుబ్ధుడు. ఇచ్చట అర్థము వ్యతిరేకదిశగ నడచినది. సంస్కృతమున లోభము ప్రధానముగ పొందవలెనను ఆశ. అరిషడ్వర్గమునందలి లోభము అట్టిది. వేటకానికి లుబ్ధకుడని పేరు వచ్చుటయు ఆశపడి పట్టుకొనువాడగుటచేతనే. తెలుగు వాడుకలో లోభి యనగా ఇయ్యనివాడు. పుచ్చుకొనుటయందలి ఆశ ఇచ్చుటయందలి వైముఖ్యముగ మారినది. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున (ప్రథమ ముద్రణము 1897, మార్పు చేసిన రెండవ కూర్పు 1909) ఒక పాత్రకు లుబ్ధావధానులని పేరుపెట్టుటలో ఈ రెండర్థములను ఒక్కచోట ఇమిడ్చిరని చెప్పవచ్చును. ఆ వృద్ధుడు తెలుగు అర్థమున పిసినారి. ముసలితనమున బాలికను శుల్కమిచ్చి తెచ్చుకొనగోరుటలో సంస్కృతార్థమునను లుబ్ధుడు. లోభి యగువానిని డబ్బు వెచ్చించుటకు పురికొల్పునది లోభమే యగుట ఆ పాత్రయందలి హాస్యమునకు మూలము.

ఇంతవరకు చూచినవన్నియు దోషవాచకములు. గుణవాచకమెచ్చట? దుబారా చేయక, ఎవరి కడుపును మాడ్చక, గుట్టుగ సంసారము నడుపు మనుష్యునికి అమరుని ఆ వరుసలో పేరు లేదు. ‘మితవ్యయము’ సంస్కృతసమాసమే యైనను పలుకుబడిలో పుస్తకపు వాసన గలది. ఆ గుణము సంస్కృతవాఙ్మయమునకు తెలియకపోలేదు. అయితే అది ఒక నామముగ గాక, విశేషణములుగ, విధులుగ, అందును ముఖ్యముగ గృహిణికి చెప్పిన విధులుగ కనబడును. మనువు (5.150) ఇల్లాలు వ్యయమునందు అముక్తహస్త కావలెననెను. యాజ్ఞవల్క్యస్మృతి (1.83) ఆమెను వ్యయపరాఙ్ముఖి కమ్మనెను. చేయి విడువనిది, వ్యయమునకు పెడమొగమైనది. రెండును నిషేధరూపములే.

నిషేధమును దాటి మితవ్యయమును ఒక విద్యగ వర్ణించినవాడు వాత్స్యాయనుడు. కామసూత్రము చతుర్థాధికరణము ప్రథమాధ్యాయమున గృహిణి సంవత్సరాదాయమును లెక్కించి దానికి తగినట్లు వ్యయము చేయవలెనని చెప్పబడినది. భోజనమున మిగిలిన పాలనుండి నేయి తీయుట, ప్రత్తి వడుకుట, గంజిని, ఊకను, తవుడును, నూకలను, పొయ్యిలో మిగిలిన బొగ్గులను సైతము ఉపయోగములోనికి తెచ్చుట ఆమె పనులు. ఈ జాబితా యింతటితో ఆగినచో అది కేవలము పిసినారితనపు పాఠమగునేమో! కాని అదే అధ్యాయమున భృత్యుల జీతములను, పోషణమును ఆమె యెరిగియుండవలెనను మాటయు, పాతబట్టలను ప్రోగుచేసి ఉతికించియో రంగులద్దించియో పనిచేసిన పరిచారకులకు ఇయ్యవలెనను మాటయు కలవు. కౌటిల్యుని నిర్వచనమున భృత్యపీడ కదర్యలక్షణము. వాత్స్యాయనుని గృహిణీధర్మమున భృత్యభరణము మితవ్యయమున అంతర్భాగము. భిన్నప్రయోజనములు గల రెండు శాస్త్రములు ఒకే గీటురాతిని వాడుట గమనింపదగినది. తవుడు పారవేయని యిల్లాలు కదర్య కాదు. పనివాని కూలి తగ్గించి తవుడు కొన్నచో అగును.

ఇంకొక ప్రక్క అసలు మిగుల్చుటయే తక్కువతనమని చెప్పు సంప్రదాయమును కలదు. మనుస్మృతి చతుర్థాధ్యాయమున (4.7–8) బ్రాహ్మణగృహస్థులు నాలుగు విధములు. గాదె నిండ ధాన్యము గల కుసూలధాన్యకుడు, కుండ నిండ గల కుంభీధాన్యకుడు, మూడు దినములకు సరిపడ గలవాడు, రేపటికి లేని అశ్వస్తనికుడు. వీరిలో వరుసగ తరువాతివారు మేలైనవారు. రేపటి కొరకు దాచనివాడు శ్రేష్ఠుడు. ఇది మితవ్యయము కాదు, అపరిగ్రహము. ఈ రెండింటిని ఒకటిగ చెప్పుట ఇటీవలి ఉపన్యాసములలో వినబడు పొరపాటు. మితవ్యయునికి రేపు కలదు, అశ్వస్తనికునికి లేదు.

తెలుగు ఈ విషయమున సంస్కృతముకంటె అదృష్టవంతురాలు. గుణమునకు దేశ్యమైన నామము దానికి గలదు: పొదుపు. ‘పొదువు’ ధాతువునకు ఆవరించుట, అక్కున చేర్చుట అని అర్థములు. నేటికిని బిడ్డను పొదివి పట్టుకొనుట యందురు. పెట్ట గ్రుడ్లను పొదుగును. పొదుపునందు ఈ వెచ్చదనపు ఛాయ యున్నది. దాచుటలో కనబడకుండ చేయుట ప్రధానము. కూడబెట్టుటలో రాశి ప్రధానము. పొదుపున కాపాడుట ప్రధానము. గ్రుడ్డుపై కూర్చున్న పెట్ట గ్రుడ్డును దాచుటలేదు, రేపటికి సిద్ధపరచుచున్నది. అమ్ములపొదిలోని బాణములును తీయుటకే యుంచబడినవి గాని కాచుటకు కాదు. వ్యుత్పత్తిచే అర్థమును నిర్ణయించుట అన్నిచోట్ల క్షేమము కాదు. కాని ఇచ్చట వ్యవహారము వ్యుత్పత్తికి తోడుపడుచున్నది. పొదుపు చేసెనని ఎవ్వనినైనను నిందించుట తెలుగున సాధ్యము కాదు. నింద రావలెననినచో పదము మార్చవలసినదే.

పొదుపు నుండి పొదుపరి. నేర్పు, ఓర్పు, తీర్పు శబ్దములనుండి నేర్పరి, ఓర్పరి, తీర్పరి అయిన విధమే ఇదియు. అరి ప్రత్యయము తనంతట ప్రశంసావాచకము కాదు; జూదరి, టక్కరి, సోమరి అదే ప్రత్యయమున కనబడుదురు. అయినను ‘పు’తో ముగియు గుణనామముపై చేరినప్పుడు అది నైపుణ్యమునే చెప్పును. పొదుపరి నేర్పరుల వరుసలోనివాడు, లేనివాడు కాదు. పిసినిగొట్టు పదమునందలి ‘గొట్టు’ ఇందుకు ప్రతికూలము. ఏడుపుగొట్టు మొదలగు చోట్ల వలె ఇది ఏవగింపునే పలుకును. పిసినారి, పీనాసి పదములును ఆ తెగవే. పీనాసి పుట్టుకను గూర్చి లోకమున చెప్పుకొను కథలు వినోదమునకే గాని శబ్దశాస్త్రమునకు కావు. తెలంగాణమున ఉర్దూ సాంగత్యముచే కంజూసు పదము పిసినారికి సాటిగ వ్యవహారమున నిలిచినది. కక్కుర్తి వీనితో కలియదు. కక్కుర్తిపడువాడు ఇయ్యనివాడు కాడు, అల్పమైన దాని కొరకు పరువు విడుచువాడు.

పొదుపుచుట్టు తెలుగున చిన్నపదముల బలగమొకటి యున్నది. ఒబ్బిడి వాటిలో మేలైనది. నూనె ఒబ్బిడిగ వాడుకొమ్మని పెద్దలు చెప్పుటలో తక్కువ వాడుమను ఆజ్ఞ లేదు; ఉన్నదానిని చాలునట్లు చేయుమను హితవు కలదు. పొదుపు మిగుల్చుటను చూచును, ఒబ్బిడి చాలించుటను చూచును. జాగ్రత్త సంస్కృత జాగ్రచ్ఛబ్దమునుండి వచ్చినది. మేలుకొనియుండుట దాని మూలార్థము. తెలుగున జాగ్రత్తపరుడనగా డబ్బు విషయమున మెలకువ గలవాడనియు అర్థము. గుట్టు మరియొక దారి. గుట్టుగ సంసారము చేయుటయనగా లేమిని పొరుగువారికి తెలియనీయక నెట్టుకొనివచ్చుట. ఇందు డబ్బుకంటె మర్యాదయే పొదుపు చేయబడుచున్నది. నాలుగు రాళ్లు వెనుకవేసికొనుట అను పలుకుబడిలో ధనమును రాళ్లనుట తెలుగువాని వేళాకోళము. దానిలోను నింద లేదు.

ఈ పదములను విద్యార్థికి బోధించునప్పుడు నిర్వచనములకంటె వ్యతిరేకపదముల పరీక్ష ఎక్కువ ఫలించును. పొదుపునకు వ్యతిరేకమేది? దుబారా. ఈ దుబారా పారసీకమున ‘రెండవమారు, మరల’ అను అర్థము గలది, తెలుగున వృథావ్యయమైనది. పిసినారికి వ్యతిరేకమెవరు? దాత, ఉదారుడు, ఎముకలేని చేయి గలవాడు. దీనివలన తేలునదేమన, పొదుపు–దుబారాలు వ్యయమను గీతపై నున్నవి. పిసినితనము–ఔదార్యములు దానమను వేరొక గీతపై నున్నవి. పొదుపు ముదిరిన పిసినితనమగుననుట అందుచే సరికాదు. వేడి పెరిగిన నీరు ఆవిరియగునట్లు ఇవి ఒకదానినుండి మరియొకటిగ మారునవి కావు. రెండు గీతలు వేరగుటచేతనే ఒక మనుష్యునియందు నాలుగు కూర్పులును సాధ్యము. పొదుపరియై దాతయైనవాడు ఉండవచ్చును. తన భోగమునకు దుబారా చేయుచు పరులకు పిడికెడు పెట్టని పిసినారియు ఉండవచ్చును. విదురుడు మహాభారత ఉద్యోగపర్వమున న్యాయార్జిత ధనమునకు రెండు అతిక్రమములను చెప్పెను: అపాత్రునకిచ్చుట, పాత్రునకు ఇయ్యకుండుట. రెండును దానపు గీతపై నున్నవే. తక్కువ వెచ్చించుట ఆయన చెప్పిన తప్పులలో లేదు.

గత శతాబ్దపు చివరి భాగమున పొదుపు పదమునకు అర్థవిస్తారము జరిగినది. మునుపు ‘పొదుపుగా’ అను క్రియావిశేషణము వాడుకలో ముందుండెడిది. పొదుపుగా వాడుట, పొదుపుగా బ్రతుకుట. తపాలా కార్యాలయములు, బ్యాంకులు పొదుపు ఖాతాలను వ్యాప్తిలోనికి తెచ్చిన పిదప ‘పొదుపు చేయు’ అను సకర్మకక్రియ బలపడినది. దాని కర్మ డబ్బు, దాని స్థానము ఖాతా. 1990 దశకపు తొలినాళ్లలో, నెల్లూరు జిల్లా దూబగుంట మొదలగు గ్రామములలో స్త్రీలు నడిపిన సారా వ్యతిరేకోద్యమము వెనువెంట ఆ జిల్లాలో పొదుపులక్ష్మి పేర మహిళాబృందములు ఏర్పడినవి. దినమునకొక రూపాయి వంతున కూర్చుట వాని పద్ధతి. తరువాత డ్వాక్రా సంఘములు రాష్ట్రమంతట విస్తరించినప్పుడు వానిని జనులు పొదుపు సంఘములనియే పిలిచిరి. నాటినుండి పొదుపనగా తగ్గించుట కాదు, చేర్చుట. ఇల్లాండ్రు ఎసరులో పోయబోవు బియ్యమునుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేయు పాత యలవాటునకు, సంఘపు పుస్తకమున వ్రాసిన రూపాయికి నడుమ భావము ఒకటే. కాని మొదటిది ఇంటి గుట్టు, రెండవది ఆ స్త్రీ పేర నమోదైన సొమ్ము. స్మృతికారుల అముక్తహస్త కాపాడిన ధనము భర్తృగృహమునది. పొదుపులక్ష్మి కూర్చినది ఆమెది. అర్థవిస్తారమునందు ఇది చిన్న విషయము కాదు.

పొదుపుతో ప్రాసకు కుదిరిన మదుపు పెట్టుబడియను అర్థమున పత్రికలలో స్థిరపడుటయు ఈ మార్పునకు తోడ్పడినది. విద్యుత్తు పొదుపు, నీటి పొదుపు, ఇంధనపు పొదుపు అను చోట్ల మాత్రము ప్రాతయర్థమే చెక్కుచెదరక యున్నది. నీటిని ఏ ఖాతాలోను జమ చేయలేరు గదా!

అర్థము అసలే సందేహాస్పదమైనచోటు మరియొకటి కలదు. ప్రభుత్వములు వ్యయము తగ్గించుటకు పూనినప్పుడు పత్రికలు ‘పొదుపు చర్యలు’ అను శీర్షిక పెట్టుట పరిపాటి. అధికారుల ప్రయాణములను, విందులను, వాహనములను తగ్గించినప్పుడు ఆ పదము అన్వర్థమే. తాదాత్వికుడు పొదుపరి యగుచున్నాడు. కాని ఖాళీయైన కొలువులను నింపకుండుట, జీతములను ఆపుట, వసతిగృహములలో విద్యార్థుల భోజనపు మొత్తమును కుదించుట కూడ అదే శీర్షిక క్రింద వచ్చును. పొదువుటలో వెచ్చదనము గలదనియు, పెట్ట రెక్క క్రిందనున్నది చలికి వణకదనియు తెలిసినవారికి ఈ రెండవ ప్రయోగము అసాధువుగ తోచును. దీనికి తగిన పదము తెలుగున వెదకనక్కరలేదు. అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున భృత్యశబ్దముతో కలిపి నిర్వచింపబడియే యున్నది. ఆ నిర్వచనము రాజునకు చెప్పిన గ్రంథములోనిది, గృహస్థునకు చెప్పినది కాదు.